నడిమర్ర గోడకు ఈత కుంచె

శంకరప్ప ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని ఇంటి నడుమ గది, నడిమర్ర ఊడవడం. వాకిలి కంటె ముందు, పొయ్యి కంటె ముందు. శంకరప్ప అక్క అనంతమ్మ తానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, లింగపూజకు కూర్చునే ముందే చీపురు పట్టుకుని ఆ అర్రలోకి పోయేది. తూర్పు గోడ కింద తెల్లటి సున్నం పెచ్చులు రాలి ఉండేవి. కొన్ని రోజులు మినప్పప్పు బద్దలంత, కొన్ని రోజులు అప్పడం ముక్కలంత. వాటిని చూసి, ముందురోజు ఆ అర్రలో ఎవరు ఎంత అబద్ధమాడారో ఆమె అంచనా కట్టేది.

"శంకరా, రాత్రి తిన్ననని చెప్పి పండుకున్నవు. తినలే గద?" అనేది తమ్ముడితో.

"ఆకలి కాలేదక్కా," అనేవాడు శంకరప్ప. గోడ మీది నుంచి ఇంకో చిన్న పెచ్చు రాలేది.

"కాలేదట," అని అనంతమ్మ దాన్ని కూడా చేటలోకి ఎత్తేది.

మనుషులకున్నట్టే ఇండ్లకూ గుణాలుంటాయి. ఒకరింట్లో కప్పు కారుతుంది. ఒకరింట్లో పొయ్యి పొగ బయటికి పోక కళ్లలోకి వస్తుంది. శంకరప్ప ఇంట్లో నడిమర్ర గోడ అబద్ధానికి రాలుతుంది. జహీరాబాద్ బజారులో దీని గురించి ఎవరూ ఆగి మాట్లాడుకునేవాళ్లు కాదు. బెల్లం కొనడానికి వచ్చిన బేరగాళ్లు మాత్రం, "సేటు, లోపల కూసుందమా" అని ఒకసారి అడిగి చూసేవాళ్లు. "ఈడ గాలి మంచిగొస్తది," అని శంకరప్ప వాళ్లను అరుగు మీదే కూర్చోబెట్టేవాడు.

ఆ గోడ కట్టించింది శంకరప్ప నాయనమ్మ నారమ్మ. నిజాం కాలంలో లెవీ గింజల వసూలుకు సర్కారు గిర్దావరు వచ్చి ఆ అర్రలోనే కూర్చున్నప్పుడు, నారమ్మ పెనిమిటి చేతులు కట్టుకుని, "ఇంట్ల జొన్న గింజ లేదు దొరా" అన్నాడట. గిర్దావరు టోపీ నిండా సున్నం రాలింది. ఆయన టోపీ తీసి దులుపుకుని, "ఎన్ని బస్తాలు?" అని మాత్రం అడిగాడట. అప్పటి నుంచి సర్కారు మనుషులకు, బేరగాళ్లకు అరుగు. దేవుడికి, బాలింతలకు, రోగులకు నడిమర్ర.

శంకరప్ప భార్య జబ్బు ముదిరినప్పుడు తన మంచాన్ని నడిమర్రలోకి మార్పించుకుంది. "ఆడైతె నాకెవ్వరు ఉత్త ధైర్యం చెప్పరు," అంది. నిజంగానే ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లు చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుని పోయేవాళ్లు. ఆమె కూతురు భాగీరథి అప్పుడు చిన్నపిల్ల. మంచం పట్టె పట్టుకుని నిలబడి, "నేను ఏడ్వనమ్మా," అంది. తల్లి దుప్పటి మీద శనగగింజంత పెచ్చు రాలింది. తల్లి దాన్ని వేళ్లతో తీసి, నవ్వి, కొంగు చివర ముడేసుకుంది.

ఏటా శివరాత్రి ముందు ఆ గోడకు సున్నం వేసేది ఇంటి ఆడబిడ్డే. కోడండ్లు వెయ్యరు, కూలివాళ్ల చెయ్యి అసలే తగలదు. అనంతమ్మ చిన్నతనంలోనే పెనిమిటిని పోగొట్టుకుని పుట్టింటికి తిరిగి వచ్చింది కాబట్టి చాలా ఏండ్లు ఆమే వేసింది. భాగీరథి చెయ్యి గోడకు అందినప్పటి నుంచి ఆ పిల్లకు నేర్పింది.

ఆమె చెప్పిన పని ముందుగా కుంచె దగ్గర మొదలయ్యేది. ఈత మట్ట మొదలు కోసి తెచ్చి, నీళ్లలో నానేసి, రాయి మీద పెట్టి దంచాలి. గట్టిగా దంచితే నార తెగుతుంది, మెల్లగా దంచితే విడదు. దంచిన కుంచెను చెంప మీద రాసుకుని చూడాలి. గుచ్చుకుంటే గోడకూ గుచ్చుకుంటుంది. సున్నపు రాళ్లు గోలెంలో ఉడికి చల్లారాక పాత ధోతిలో వడగట్టి, ఇంటి బెల్లం నీళ్లు, చిటికెడు నీలి కలపాలి. గోడను ముందు తడపాలి. మొదటి పూత నిలువు, రెండో పూత అడ్డం. పాత సున్నాన్ని మాత్రం ఎన్నడూ గీకకూడదు. తడిగుడ్డతో తుడిచి ఊరుకోవాలి.

"రాలేది రాలనియ్యి, పట్టుకున్నది పట్టుకోనియ్యి," అనేది అనంతమ్మ. "నారమ్మవ్వ ఏసిన పూత ఇంకా కింద ఉన్నది. దాని మీదనే మనం ఏస్తున్నం."

బొంబాయి సడక్ పక్కన కార్ఖానా గోడలు లేస్తున్న రోజులవి. భాగీరథికి పెండ్లీడు వచ్చింది. మొగుడంపల్లి తొవ్వలో అనంతమ్మ పేరు మీద చిన్న తోట ఉంది. పోయిన ఏడు భాగీరథి దగ్గరుండి అందులో అల్లం పెట్టించింది. పంట తీసి, విత్తనానికి మంచి కొమ్ములు ఏరి, నీడలో గుంట తీసి దాచింది. ఎండలు తగ్గుముఖం పట్టగానే మళ్లీ పెట్టాలి. ఎంత కడుక్కున్నా ఆమె చేతులకు అల్లం వాసన పోయేది కాదు.

ఆ మాఘమాసంలో కోహీర్ నుంచి సంబంధం వచ్చింది. శంకరప్ప ఆమెను అడగలేదు, చెప్పాడు. అదీ అరుగు మీద.

"మంచి ఇల్లు. పిల్లగాడు సదాశివ, నెమ్మది మనిషి. తల్లి గిరిజమ్మ ఒక్కతే ఉన్నది. నీకు ఏ ఫికర్ ఉండదు."

"నన్ను అడగవా బాపు?"

"అడుగుడేంది, చెప్తున్న గద."

"అయితె నడిమర్రలకు వచ్చి చెప్పు."

శంకరప్ప లేచి కండువా దులుపుకుని బజారుకు పోయాడు.

సాయంత్రం పొయ్యి దగ్గర అనంతమ్మ రొట్టె తడుతూ తడుతూ ఆగింది. "నా పెండ్లి మాట గూడ గా అరుగు మీదనే అయింది. పిల్ల ఇష్టపడ్డదని మా నాయిన చెప్పిండు. నేను నడిమర్రల గోడకు ఆనుకొని నిలవడ్డ. గోడ దాక ఆ మాట రాలే. నా దాక వచ్చింది."

"నువ్వు లేచి వద్దనకపోతివా అత్తా?"

"నాకు గోడ ఉండె గద అనుకున్న. నోరున్న సంగతి యాదికి రాలె," అని అనంతమ్మ రొట్టెను పెనం మీద వేసింది.

నాలుగు రోజులకు గిరిజమ్మ తమ్ముడు రేవణసిద్ధప్ప కోహీర్ నుంచి బస్సు దిగి వచ్చాడు. పెద్ద మీసాలు, నోరు తెరిస్తే ఎగతాళి. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, వచ్చిన పని చెప్పాడు.

"శంకరప్ప బావా, మా అక్కది ఒక్కటే మాట. ముచ్చట మీ నడిమర్రలనే కావాలెనట. అరుగు మీదైతె బస్సు గూడ ఎక్కనన్నది."

"ఎందుకట్ల?"

"మీ గోడ సంగతి కోహీర్‌ల తెల్వదనుకున్నవా? మా అక్క మొగడు పెండ్లినాడు తనకు చెరుకు తోట ఉన్నదన్నడు. గానుగ దగ్గర తీసుకున్న చెరుకుగడ ఒకటి ఉండె చేతిల. అప్పటి సంది ఆమెకు మాటల మీద నమ్మకం లేదు."

శంకరప్ప నవ్వాడు గానీ ఆ నవ్వు ముఖమంతా పాకలేదు. పిల్లను అడగనే లేదని చెబితే సంబంధం పోతుంది. ఒప్పుకుందని చెబితే గోడ రాలుతుంది. రెండింటి నడుమ ఇరుక్కుని తిరుగుతుండగా, మోకాలి నొప్పికి మందు కోసం దవాఖానకు పోయినప్పుడు అక్కడి గోడలు చూశాడు. నూనె రంగు వేసిన గోడలు. గోరు పెట్టి గీకినా జారిపోతున్నాయి. రోగి పక్కన కూర్చున్న చుట్టం, "రేపే ఇంటికి పోతవు," అంటున్నాడు. రోగి సంగతి చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా గోడ గోడలాగే ఉంది.

శంకరప్ప మందు తెచ్చుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చాడు. ఆ తొందరలో నేరుగా నడిమర్రలోకే వచ్చాడు.

"భాగీరథీ, ఈ ఏడు సున్నం బంద్. నూనె రంగు. మాణిక్ దుకాణంల చెప్పొచ్చిన. పిస్తా రంగు డబ్బా, కుంచె, గీకుడు రేకు, రేగ్‌మాల్, లప్పం, అన్ని ఇస్తడు. పోయి తెచ్చుకో. ఆడబిడ్డవు నువ్వే పూయాలె."

"గోడ నోరు మూస్తున్నవా బాపు?"

"ఛ. చమక్ కోసం బిడ్డా. అంతే."

పెద్ద పెచ్చు ఒకటి ఊడి ఇద్దరి నడుమ పడింది. శంకరప్ప దాన్ని దాటి బయటికి పోయాడు.

మాణిక్ మరాఠా మనిషి. బస్టాండు వెనక సందులో అతని దుకాణం. ముందు సున్నపు రాళ్ల గుట్ట, లోపల డబ్బాలు, పైన తాళ్లకు కట్టిన కుంచెలు. అనంతమ్మ, భాగీరథి వచ్చేసరికి సామాను బల్ల మీద పెట్టి ఉంచాడు.

"రా పెద్దమ్మా. సేటు అన్ని చెప్పిపోయిండు. చూడున్రి, ఇది ఫస్టు కుంచె. వెంట్రుక ఒక్కటి రాలదు." బొటనవేలితో కుంచెను వంచి వదిలాడు. టక్కున లేచి నిలబడింది.

అనంతమ్మ దగ్గరికి పోయి చూసింది. "మెత్తగున్నది. దేని వెంట్రుకలు మాణిక్?"

"మంచి వెంట్రుకలు పెద్దమ్మా."

"మంచిదే. దేనివి?"

మాణిక్ పై తాళ్ల వైపు చూశాడు. "పెద్దమ్మా, అన్ని అడిగితె ఎట్ల? నూనె రంగు కుంచెలన్ని ఒక్క తీరే ఉంటయి."

"నేను లింగం కట్టుకున్నదాన్ని నాయినా. నేను తాకేది ఏందో నాకు తెల్వాలె."

"పందివి," అన్నాడు మాణిక్, గొంతు తగ్గించి.

అనంతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుకు తుడుచుకుంది. ఆమె గొంతు పెరగలేదు. ఎన్నడూ పెరిగేది కాదు. "నారమ్మవ్వ గోడకు, సంగమేశ్వరుని పటం ఉన్న అర్రల, పంది వెంట్రుకలు. నా తమ్మునికి గింత సోయి లేదా. అది తీసెయ్యి."

భాగీరథి మిగతా సామానును ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. "ఈ రేకు ఎందుకు కాకా?"

"సున్నం గీకెటందుకు. మట్టి కనబడెదాక గీకాలె."

"ఇది?"

"రేగ్‌మాల్. ఉప్పు కాగితం. గీకినంక రుద్దాలె. తర్వాత లప్పం పట్టియ్యాలె. అప్పుడు గోడ అద్దం లెక్క అయితది."

"గీకకుండ, రుద్దకుండ, సున్నం మీదనే నూనె రంగు పూస్తె?"

"పట్టదు బిడ్డా. సున్నం పొడి పొడి ఉంటది. రంగు దాని మీద దుప్పటి పరిచినట్టు ఉంటది. ఒకనాడు దుప్పటి లెక్కనే వస్తది."

"ఎన్నడు?"

"ఏం చెప్తం. ఒకరింట్ల ఏడాది ఆగింది. ఒకరింట్ల పండుగ దాక ఆగలే."

భాగీరథి రేకును, రేగ్‌మాల్‌ను, లప్పం డబ్బాను బల్లకు అటు చివరికి జరిపింది. పిస్తా రంగు డబ్బాను, రంగులో కలిపే తార్పిన్ సీసాను మాత్రం సంచిలో వేసుకుంది.

"కుంచె?" అన్నాడు మాణిక్.

"మా ఇంట్ల ఉన్నది. ఈతది."

"ఈత కుంచెతో నూనె రంగా?" మాణిక్ నవ్వాడు. "గంటెతో పిండి కలిపినట్టుంటది బిడ్డా. లావు లావు పడుతది. సేటు నన్ను తిడుతడు."

"నన్ను తిట్టమని చెప్పు," అంది భాగీరథి.

ఇంటికి వచ్చి ఆమె సామానును నడిమర్రలో గోడ కింద పెట్టి తండ్రిని పిలిచింది. శంకరప్ప గడప దగ్గరే నిలబడ్డాడు.

"గీకుడు రేకు తేలే," అంది ఆమె. "అత్త వద్దంటది, నేను గీకను. నారమ్మవ్వ చేతి పూతను రేకు పెట్టి లేపుడు నాతోని కాదు. పంది కుంచె గూడ తేలే. ఈత కుంచెతోనే పూస్త. సున్నం మీద నూనె రంగు పట్టదని మాణిక్ కాక చెప్పిండు. నేను నీకు చెప్తున్న."

పంది మాట వినగానే శంకరప్ప మెడలోని లింగాన్ని కళ్లకద్దుకున్నాడు. తరువాత డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాణిక్‌కు రేకు అమ్ముకునుడు కావాలె. డబ్బా మీద రాసున్నది చూడు, ఏడేండ్లు రాలదని. అచ్చేసిన అక్షరం. గీకితె ఇల్లంత దుమ్ము. వాళ్లు సోమవారం వస్తున్రు. మీదనే పూయి."

"పూయమంటె పూస్త. నిలుస్తదని మాత్రం నేననను."

శంకరప్ప గోడ వైపు చూశాడు. ఒక్క పెచ్చు కూడా రాలలేదు. ఆ పిల్ల ఉన్నదున్నట్టే చెప్పింది మరి. చెప్పింది విన్నాడు గానీ, డబ్బానే నమ్మాడు.

భాగీరథి తిట్టుకోకుండా, దాచుకోకుండా, పట్టపగలు తలుపులు బార్లా తెరిచి పూసింది. మొదటి పూత నిలువు, రెండో పూత అడ్డం. ఈత నార గీతలు గోడ మీద జొన్నచేను సాళ్లలాగా పడ్డాయి. తార్పిన్ వాసనకు అనంతమ్మ పూజ వంటింట్లోకి మార్చుకుంది. రంగు ఆరాక గోడ పిస్తా పచ్చగా మెరిసింది. కింద ఊడవడానికి ఏమీ లేదు. పొద్దున చీపురు పట్టుకుని వచ్చిన అనంతమ్మ కాసేపు నిలబడి వెనక్కి పోయేది.

"గోడ బిగవట్టుకున్నది," అనేది. "ఎంతసేపు పట్టుకుంటదో పాపం."

శంకరప్పకు మాత్రం కొత్త ఊపు వచ్చింది. ఎవరూ లేనప్పుడు అర్రలోకి పోయి, గోడ ముందు నిలబడి, మెల్లగా అన్నాడు: "నా బెల్లంల ఎన్నడు ఇసుక లేదు."

గోడ కదలలేదు.

"నాకు మోకాలి నొప్పి లేదు."

కదలలేదు.

"పక్కింటి బస్వరాజ్ అంటె నాకు మస్తు ప్రేమ." ఈసారి అతనికే నవ్వు వచ్చింది. నవ్వుకుంటూ బయటికి పోయాడు. అప్పుడే లోపలికి వచ్చిన భాగీరథికి గోడకున్న కాలెండరు కొద్దిగా ముందుకు లేచినట్టు కనిపించింది. కాలెండరు ఎత్తి చూసింది. వెనక రంగు మీద చిక్కుడు గింజంత బొబ్బ. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన, రేగుపండంత, మూడోది. ఆమె కాలెండరును తీసి వేరే గోడకు తగిలించింది. బొబ్బలను అందరికీ కనబడేటట్టే వదిలేసింది. శంకరప్ప వాటిని చూసి, ఎండ వేడికి అయ్యుంటాయి అన్నాడు. నాలుగోది లేచింది.

సోమవారం కోహీర్ వాళ్లు వచ్చారు. గిరిజమ్మ, రేవణసిద్ధప్ప, సదాశివ. గిరిజమ్మ సన్నటి మనిషి, తెల్లచీర, నుదుట విభూతి. నడిమర్రలోకి రాగానే ముందు సంగమేశ్వరుని పటానికి దండం పెట్టింది, తరువాత గోడకు పెట్టింది. అప్పుడు దాన్ని చేత్తో తడిమింది.

"నూనె రంగేసిన్రేంది అన్నా?"

"చమక్ కోసం వదినె," అన్నాడు శంకరప్ప.

జంబుఖానా పరిచారు. ఇంటి యజమాని కాబట్టి శంకరప్ప గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చున్నారు. గోడ మీద ఏమి జరుగుతున్నదో అందరికీ కనబడుతుంది, శంకరప్పకు తప్ప. చమక్ అన్న మాటకు అతని తల పైన నిమ్మకాయంత బొబ్బ లేచింది. రేవణసిద్ధప్ప దాన్ని చూసి మీసం సవరించుకున్నాడు.

"మా సంగతి నేను ముందు చెప్త," అంది గిరిజమ్మ. "మావాడు బీడీ తాగుతడు. నా ముంగట తాగడు, నాకు తెల్వదనుకుంటడు."

సదాశివ తలవంచుకున్నాడు.

"కార్ఖానల నౌకరి దొరుకుతదంటున్రు. ఇంకా దొరకలే. మా బావి దూరం, నీళ్లు మొయ్యాలె. నాకు కోపమెక్కువ. కోపం పోయినంక అన్నం నేనే పెడుత. గంతే."

గోడ చల్లగా ఉంది. కొత్తగా ఒక్క బొబ్బ కూడా లేవలేదు. వంటింటి గడపలో అత్త పక్కన నిలబడ్డ భాగీరథి అది చూసింది. వీళ్లు మంచివాళ్లని ఆమెకు అర్థమైంది. దానితో ఆమె పని ఇంకా కష్టమైంది. చెడ్డవాళ్లను వద్దనడానికి ఎవరికైనా నోరు వస్తుంది.

"ఇగ మీ సంగతి చెప్పు అన్నా," అంది గిరిజమ్మ.

"మాకేం తక్కువ వదినె. బేరం మంచిగున్నది." బొబ్బ. "చుట్టుపక్కల అందరితోని కలిసిమెలిసి ఉంటం." ఇంకో బొబ్బ, ముందుదాని కంటె పెద్దది. "నా ఆరోగ్యం గట్టిగున్నది."

"పూరీలు మంచిగ పొంగుతున్నయి," అన్నాడు రేవణసిద్ధప్ప, శంకరప్ప తల మీదుగా చూస్తూ.

"పూరీలు చెయ్యలే బావా, భక్ష్యాలు చేసిన్రు," అన్నాడు శంకరప్ప.

సదాశివ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గిరిజమ్మ నవ్వలేదు. ముందుకు వంగి, శంకరప్ప కళ్లలోకి చూసింది.

"ఒక్కటే అడుగుత. పిల్లకు ఇష్టమేనా?"

శంకరప్ప తాంబూలం పళ్లెం ఒళ్లోకి తీసుకున్నాడు. వెనక గోడ ఉందని, దాని మీద ఏడేండ్ల రంగు ఉందని యాది చేసుకున్నాడు. అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇష్టమేంది వదినె. మీ ఇంటి పేరు చెప్తె చాలు, పిల్ల ముఖం ఎలిగిపోతున్నది. నేను జర ఆగుదామన్నా ఇంటలేదు."

కొత్త చీర మడత విప్పినట్టు చప్పుడైంది. పైన కప్పు అంచు దగ్గర పిస్తా రంగు ఒక మూల వదిలింది. తరువాత ఆ మూల నుంచి ఈ మూల దాకా, తొందర లేకుండా, గోడ పొడవునా వదులుకుంటూ వచ్చింది. ఎక్కడా చినగలేదు. ఈత కుంచెతో లావుగా పడ్డ రంగు, గీకని సున్నం మీద పట్టు దొరకని రంగు, ఒక్కటే దుప్పటిగా వంగి, శంకరప్ప తల మీద, భుజాల మీద, ఒళ్లో ఉన్న తాంబూలం పళ్లెం మీద వచ్చి పడింది. దాని వెనక గోడ తెల్లగా, పొడిగా, పాత సున్నంతో, ఎప్పటిలాగే ఉంది.

దుప్పటి కింద శంకరప్ప కదలకుండా కూర్చున్నాడు.

"బావకు శాలువా కప్పిన్రు. సన్మానం మంచిగైంది," అన్నాడు రేవణసిద్ధప్ప.

సదాశివ లేచి, రంగును రెండు చేతులతో ఎత్తి, మామ కాబోయిన మనిషి ముఖం బయటికి వచ్చేటట్టు మడిచి, పక్కన పెట్టాడు. ఆ పని చాలా జాగ్రత్తగా చేశాడు. తరువాత తన చోటికి పోయి కూర్చున్నాడు.

గిరిజమ్మ వంటింటి గడప వైపు తిరిగింది. "ఇటు రా బిడ్డా."

భాగీరథి వచ్చి, తెల్లగోడకు ఆనుకుని నిలబడింది. అనంతమ్మ ఆమె వెంట వచ్చి పక్కనే నిలబడింది.

"ఇంతసేపు నీ మాట మీ నాయిన చెప్పిండు. ఇప్పుడు నువ్వు చెప్పు. నీకిష్టమేనా?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఆడబిడ్డను ఎవరైనా అడగడం అదే మొదలు. భాగీరథి గిరిజమ్మ ముఖంలోకి చూసి చెప్పింది.

"ఇష్టం లేదమ్మా."

అందరూ గోడ వైపు చూశారు. ఆవగింజంత కూడా రాలలేదు.

"మావాడు నచ్చలేదా?"

"మీవాణ్ని చెడ్డ అంటలేను. మీ ఇంటిని గూడ అంటలేను. ఈ ఏడు నేను అల్లం పెట్టాలె. ఆపైన ఏం చెయ్యాలెనో నేనే చూసుకుంట. ఇచ్చెటందుకు, తీసుకునెటందుకు నేను బెల్లం ముద్దను కాదు."

అప్పటికీ రాలలేదు. గిరిజమ్మ ఆ తెల్లగోడను చూసింది, ఆ పిల్లను చూసింది. తరువాత మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది.

"నడువు సదాశివా. మనకు కావాల్సిన మాట దొరికింది." గడప దగ్గర ఆగి అనంతమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, గా ఈత కుంచె ఎట్ల దంచుతరో జర చెప్పున్రి. రేపు మా ఇంట్లకు ఎవరో ఒక పిల్ల వస్తది గద. ఆమె కోసం ఒక అర్ర పూయించి పెట్టుకుంట."

అనంతమ్మ లోపలికి పోయి, గూట్లో ఉన్న కొత్త కుంచెను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "చెంప మీద రాసుకొని చూడున్రి వదినె. గుచ్చద్దు. గోడను మాత్రం గీకకున్రి."

వాళ్లు పోయారు. భక్ష్యాలు మూత కింద అట్లాగే ఉన్నాయి. శంకరప్ప నడిమర్రలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, మీసాలకు పిస్తా రంగు పెళ్లలు అంటుకుని. భాగీరథి చీపురు పట్టుకుని వచ్చింది.

"నా పరువు తీసినవు," అన్నాడు శంకరప్ప.

గోడ ఊరుకుంది. అంటే అది నిజమే. భాగీరథి కాదనలేదు.

"రేపు బజారుల ముఖం ఎట్ల చూపియ్యాలె?"

"ఉన్న ముఖమే చూపియ్యి బాపు. నిన్ను రంగు కప్పుకోమని నేనన్ననా?"

శంకరప్పకు కోపం తలకెక్కింది. లేచి నిలబడబోయాడు. మోకాలు సహకరించక మళ్లీ కూర్చున్నాడు. కూర్చునే చెయ్యి చాపి వాకిలి చూపించాడు.

"నడువు. మీ అత్తను గూడ తోలుకొని గా అల్లం తోటలనే ఉండు. ఇయ్యాల్టి నుంచి నువ్వు నా బిడ్డవు గాదు. నువ్వు ఉన్నా, పోయినా నాకు ఒక్కటే."

భాగీరథి కదలలేదు. వంటింట్లో అనంతమ్మ చేతిలో గిన్నె ఆగింది.

గోడ నడుమ నుంచి పెచ్చు ఊడింది. చిన్నది కాదు, అరచేయంత. పూత మీద పూతగా ఎన్ని ఏండ్ల సున్నమో అందులో. అది శంకరప్ప భుజానికి తగిలి, ఒళ్లో పడి, రెండు ముక్కలైంది.

అతను ఆ ముక్కలను చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు, దులిపెయ్యడానికన్నట్టు. దులపలేదు. చాపిన చెయ్యి ఎప్పుడు దిగిందో అతనికే తెలియదు.

"పొద్దుగాల సున్నం నానబెడుత," అంది భాగీరథి. "కుంచె ఇంకోటి దంచాలె. నువ్వు తెచ్చిన డబ్బల మిగిలిన రంగు ఉన్నది, అరుగు కంబాలకు పూసుకో. ఆడ ఎవ్వరు ఏమన్నా రాలదు."



ఆమె చీపురు నేలకు ఆనించి, స్టూలు దగ్గరికి వచ్చింది.

"కాళ్లు లేపు బాపు. ఊడవాలె."

శంకరప్ప సున్నం ముక్కను పిడికిట్లో పట్టుకునే, నొప్పి మోకాలుతో సహా రెండు కాళ్లూ పైకి లేపాడు.